మెషిన్ కొనే ముందు ఈ బానెట్ చూడండి
(తిరుపతిలో కారు పాలిషింగ్ కొత్తగా నేర్చుకునేవారి కోసం పెట్టిన ఒకరోజు తరగతిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి సామీ, ఈ బానెట్ మీకు దగ్గరగా కనబడాలి. వెనక భాగం నుజ్జయిపోయిన ఒక నల్ల కారుది ఇది. తుక్కు కొట్టులో అడిగి తెచ్చుకున్నాను. ట్యూబ్‌లైటు వెలుతుర్లో చూస్తే బాగానే ఉందనిపిస్తుంది కదా? లైట్లు ఆర్పమనండి. ఇప్పుడు టార్చి వేస్తాను, చూడండి.

వెలుగు చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు కనబడుతున్నాయా? టార్చి పక్కకు జరిపితే సాలెగూడు కూడా దాంతో పాటు జరుగుతోంది. నిజానికి ఈ గీతలు గుండ్రంగా లేవు. అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా ఉన్నాయి. వెలుగుకు అడ్డంగా పడ్డవి మాత్రమే మెరుస్తాయి కాబట్టి మన కంటికి గుండ్రంగా అనిపిస్తాయి. వీటినే స్విర్ల్ మార్కులు అంటాం.

ఇవి ఎలా వచ్చాయో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పొద్దున్నే బస్టాండు దగ్గరో అలిపిరి దగ్గరో నిలబడి చూడండి. రాత్రంతా దుమ్ము పట్టిన బండిని పొడిగుడ్డతో గబగబా తుడిచి, సాయిబాబా ఫోటోకో వెంకన్న ఫోటోకో దండం పెట్టుకుని డ్రైవరన్న బయల్దేరతాడు. ఆయన తప్పేం లేదు, బండి శుభ్రంగా ఉండాలనే తాపత్రయం. కానీ ఆ గుడ్డకింద ఉన్నది ఇసుక. రోజూ ఇసుకతో రుద్దితే ఏడాది తిరిగేసరికి ఇలా అవుతుంది. ఈ గీతలు తీయడమే మనం నేర్చుకోబోయే పని.

పాలిష్ మెషిన్ గురించి అడగడానికి చాలామంది వచ్చారని తెలుసు. ఏ కంపెనీ, ఎంత రేటు అని ఫోన్లలో కూడా అడిగారు. దానికి ముందు ఒక్క విషయం. ఈ జెరాక్స్ కాగితం చేత్తో పట్టుకోండి, ఒకరి తర్వాత ఒకరు. దీని మందం సుమారు 100 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారుకు అడుగున ప్రైమరు పూత, రంగు, పైన క్లియర్ కోటు అనే రంగులేని పొర అన్నీ కలిపినా చాలా కార్లలో ఈ కాగితం కంటే కొంచెం ఎక్కువ, అంతే. అందులో క్లియర్ కోటు 35 నుంచి 50 మైక్రాన్లు. అంటే కాగితంలో సగం కూడా ఉండకపోవచ్చు. మనం పాలిష్ చేసి గీత తీశాం అంటే గీత పూడ్చలేదు. గీత చుట్టూ ఉన్న క్లియర్ కోటును గీత అడుగు దాకా అరగదీశాం. ఆ అరిగింది మళ్ళీ రాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాపాడేది కూడా ఆ పొరే. మన ఊరి ఎండ సంగతి మీకు నేను చెప్పాలా?

కాబట్టి మెషిన్, దానికి బిగించే ప్యాడ్, పాలిష్ ఏది ఎంచుకున్నా నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ పని అయ్యేంత వరకే అరగదీసేది ఏది?

ఈ మాట నాకు ఊరికే రాలేదు. ఇరవై రెండేళ్ళ వయసులో చిత్తూరులో ఒక పెయింటింగ్ షెడ్డులో పని చేసేవాణ్ణి. పేరు వద్దు. రిటైరైన ఒక మాస్టారు ముదురు నీలం కారు తెచ్చారు, కొడుకు మొదటి ఉద్యోగంలో కూడబెట్టి కొనిచ్చిన కారు. సాయంత్రానికల్లా ఇవ్వాలి. నా చేతిలో రోటరీ మెషిన్, దానికి ఉన్ని ప్యాడ్, మీద గరుకు కాంపౌండు, అంటే బాగా అరగదీసే రకం పాలిష్. బానెట్ మీద పొడుగ్గా ఒక మడత గీత ఉంటుంది చూడండి, ఇదిగో ఇక్కడ. ఆ మడత మీద మెషిన్ రెండు మూడు సెకన్లు ఎక్కువ ఆగింది. కాలిన వాసన వచ్చింది. ప్యాడ్ తీసి చూస్తే నీలం మధ్యలో బూడిదరంగు చార, వేలెడంత. ప్రైమరు బయటపడింది. మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. వేలుతో ఆ చార మీద ఒకసారి రాసి, "మా వాడికి ఏం చెప్పమంటావు నాయనా" అన్నారు. బానెట్ మళ్ళీ పెయింటు వేశాం, ఆ ఖర్చు మూడు నెలలు నా జీతంలో పట్టుకున్నారు. డబ్బు పోయినందుకు కాదు, ఆ వేలు నాకు ఇప్పటికీ కనబడుతుంది. మడతల మీద, అంచుల మీద పెయింటు మామూలుగానే పలచగా ఉంటుంది. అది నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. మీకు నేను చెబుతున్నాను. మెషిన్ ఆన్ చేసే ముందు అంచులకూ మడతలకూ మాస్కింగ్ టేపు వేయండి. నల్ల ప్లాస్టిక్ బీడింగులకు కూడా వేయండి, తెల్ల పాలిష్ వాటిలో ఇరుక్కుంటే ఒక పట్టాన పోదు.

సరే, మెషిన్ల దగ్గరికి వద్దాం. ఇది రోటరీ. షెడ్డుల్లో బఫింగ్ మెషిన్ అంటారు. ప్యాడ్ ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. బలం ఎక్కువ, పని తొందరగా అవుతుంది, వేడి కూడా ఒకే చోట పుడుతుంది. చెయ్యి ఒక్క పిసరు వంగినా ప్యాడ్ అంచు మీద తిరిగి, ఎండలో చూస్తే నీడల్లా కనబడే హోలోగ్రాములు వదులుతుంది. చేయి తిరిగినవాళ్ళ చేతిలో ఇది గొప్ప పనిముట్టు. మొదటి మెషిన్‌గా మాత్రం నేను వద్దంటాను.

ఇది డ్యూయల్ యాక్షన్, డీఏ అంటాం. బొంగరం తన చుట్టూ తాను తిరుగుతూనే పక్కలకు చుట్లు కొడుతుంది చూడండి, అలా దీనికి రెండు కదలికలు. వేడి చెదిరిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఎక్కువ నొక్కితే ఇది తిరగడం మానేస్తుంది. చూపిస్తాను. ప్యాడ్ అతికించే ఈ ప్లేటు పక్కన తెల్ల మార్కరుతో ఒక గీత గీశాను. మామూలుగా పెడితే ఆ గీత నెమ్మదిగా చుట్టూ తిరుగుతూ కనబడుతోంది. ఇప్పుడు నొక్కుతున్నాను. మోత ఉంది, వణుకు ఉంది, గీత మాత్రం నిలబడిపోయింది. అంటే పని జరగడం లేదు. కొత్తవాడు కంగారులో నొక్కినా పెయింటు కాలిపోకుండా మెషినే ఆగుతుంది. కాస్త బరువు తగ్గించగానే గీత మళ్ళీ కదిలింది. ఇంటికెళ్ళాక మీరు చేయాల్సిన మొదటి పని ఈ గీత గీసుకోవడం. గీత తిరుగుతున్నంత సేపూ మీ చేతి బరువు సరిగ్గా ఉన్నట్టే. డీఏతో కూడా ఒకే చోట అదే పనిగా రుద్దితే పెయింటు పోతుంది, అది మరిచిపోవద్దు.

గేరుతో బలవంతంగా తిప్పే డీఏలు కూడా ఉన్నాయి. అవి నొక్కినా ఆగవు, చేతులు నొప్పి పుట్టిస్తాయి. ఇప్పుడే వాటి జోలికి పోనక్కర్లేదు.

డీఏ కొనేటప్పుడు త్రో ఎంత అని అడగండి. ప్యాడ్ ఎంత వెడల్పు చుట్టు కొడుతుందో దాని లెక్క. 8 మిల్లీమీటర్లు, 15, 21 అని దొరుకుతాయి. ఇటలీ కంపెనీ రూపెస్ ఈ 15, 21 త్రో మెషిన్లతో పేరు తెచ్చుకుంది. ఇప్పుడు అదే తీరులో తక్కువ ధరకు చాలా కంపెనీలు చేస్తున్నాయి. త్రో పెద్దదైతే విశాలమైన చోట్ల పని తొందరగా, నున్నగా అవుతుంది. వంపుల దగ్గర మాత్రం ఊరికే ఆగిపోతుంటుంది. మన దగ్గరికి వచ్చేవి ఎక్కువగా చిన్న కార్లు, వంపులు ఎక్కువ. అందుకని 15 త్రో, 5 అంగుళాల ప్లేటు తీసుకోమంటాను. 21 త్రోది, పెద్ద బండ్లు చేసే రోజు వచ్చినప్పుడు చూసుకోవచ్చు. బంపర్లకూ అద్దాల పక్కన సందులకూ 3 అంగుళాలది తర్వాత ఎప్పుడైనా.

ఇంకొకటి, కొట్టులో బాక్సు మీది బొమ్మ చూసి కొనొద్దు. చేత్తో పట్టుకోండి. రెండు, రెండున్నర కిలోల బరువు ఉంటుంది. ఆన్ చేయించి ఒక నిమిషం ఉంచండి. ఆపాక వేళ్ళు తిమ్మిరెక్కితే ఆ మెషిన్‌తో మీరు పూటంతా పని చేయలేరు. ప్లేటు, మోటారులో అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు విడిగా దొరుకుతాయా అని అడగండి. అవి దొరక్కపోతే ఎంత మంచి మెషిన్ అయినా ఏడాదికి మూలన పడుతుంది.

ఒక తమ్ముడు చీటీ రాసి పంపాడు, ఇంట్లో యాంగిల్ గ్రైండరు ఉంది, దానికే ప్యాడ్ బిగించుకోవచ్చా అని. వద్దు నాయనా. నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. రోటరీతో పాలిష్ పట్టేది 1,000, 1,500 చుట్ల దగ్గర. గ్రైండరు వేగానికి ఫోమ్ ప్యాడ్ చీలి ముఖాన పడుతుంది. బండి సంగతి తర్వాత, కళ్ళు పోతాయి.

ఇప్పుడు ప్యాడ్లు. కొత్తవాళ్ళు ఎక్కువ పొరపాటు చేసేది ఇక్కడే. డబ్బంతా మెషిన్‌కు పెట్టేసి, దాంతో వచ్చిన రెండు ప్యాడ్లతో కారంతా లాగుతారు. పెయింటును తాకేది మెషిన్ కాదు, ప్యాడ్. మీ దగ్గర పది రూపాయలుంటే ఐదు మెషిన్‌కు, మూడు ప్యాడ్లకు, మిగతా రెండు పాలిష్‌కూ మైక్రోఫైబర్ గుడ్డలకూ. ఇది నా లెక్క.

ఫోమ్ ప్యాడ్లు మూడు రకాలనుకోండి. గట్టిగా ఉండేది కోతకు, అంటే ఎక్కువ అరగదీయడానికి, మధ్యరకం పాలిష్‌కు, దూదిలా మెత్తగా ఉండేది చివరి మెరుగుకు. వేలితో నొక్కితే తేడా తెలుస్తుంది, తీసుకోండి, అందరూ నొక్కి చూడండి. రంగును బట్టి మాత్రం కొనొద్దు. రూపెస్‌లో పసుపు ప్యాడ్ అంటే మెత్తటి రకం. లేక్ కంట్రీ అనే ఇంకో కంపెనీ పాత వరసలో పసుపు అంటే గట్టి కోత రకం. ఒకరు చెప్పిన "పసుపు ప్యాడ్ వాడు" అనే సలహా విని ఇంకో కంపెనీది కొన్నారనుకోండి, కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

మైక్రోఫైబర్ ప్యాడ్ డీఏ మీద బాగా కోస్తుంది, కానీ మెత్తటి పెయింటు మీద మసక వదులుతుంది. ఉన్ని ప్యాడ్ ఇంకా బలమైనది. మీరు మొదలుపెట్టేది ఫోమ్‌తోనే. ఒక కారుకు మధ్యరకం మూడు, గట్టివి రెండు, మెత్తవి ఒకటో రెండో ఉండాలి. అన్ని ఎందుకని మీ ముఖాలు అడుగుతున్నాయి. రెండు మూడు భాగాలు చేసేసరికి ప్యాడ్ పాలిష్‌తో, అరిగిన పెయింటుతో నిండి తడిసి ముద్దవుతుంది, మధ్యలో వేడెక్కుతుంది. అప్పుడది కోయదు, రాస్తుంది, అంతే. ప్రతి భాగం అయ్యాక బ్రష్‌తో దులపండి. సాయంత్రం షాంపూ నీళ్ళతో పిండి నీడలో ఆరబెట్టండి. ప్యాడ్ ప్లేటు కంటే అర అంగుళం పెద్దది ఉండాలి, 5 ప్లేటుకు 5.5 ప్యాడ్. లేకపోతే గట్టి ప్లేటు అంచు నేరుగా పెయింటుకు తగులుతుంది.

పాలిష్ సంగతి కొంచెం తేలిక. కాంపౌండు గరుకు, పాలిష్ మధ్యరకం, ఫినిషింగ్ పాలిష్ నున్నన. చాలా వాటిలో అరగదీసేది అల్యూమినియం ఆక్సైడు పొడే. కొన్నిటిలో ఆ రేణువులు రుద్దేకొద్దీ చిట్లి సన్నబడతాయి. వాటిని మధ్యలో ఆపకుండా పూర్తిగా పని చేయించాలి. కొన్నిటిలో మొదటి నుంచి చివరి దాకా ఒకే సైజులో ఉంటాయి. రెంటినీ ఒకే ప్యాడ్ మీద కలపకండి. నా సలహా, మధ్యరకం పాలిష్ ఒక సీసా, కాంపౌండు ఒక చిన్న సీసా కొనుక్కోండి. మొదటి ఆరు నెలలు మీకు అవి చాలు.

వ్యాక్స్, సీలెంట్, సిరామిక్ అన్నవి వేరే సరుకు. అవి గీత తీయవు, మీదొక పొర వేసి కాపాడతాయి. జుట్టుకు నూనె రాస్తే నిగనిగలాడుతుంది, చిక్కు మాత్రం పోదు. ముందు చిక్కు తీయాలి. కొన్ని పాలిష్‌లలో నూనెలు, పూడ్చే పదార్థాలు ఉంటాయి. అవి గీతల్లో నిండి ఆ పూటకు బండి అద్దంలా ఉంటుంది, నాలుగు వాష్‌లయ్యాక గీతలన్నీ తిరిగొస్తాయి. అందుకే నేను పాలిష్ తుడిచాక ఐసోప్రొపైల్ ఆల్కహాలులో సగం నీళ్ళు కలిపి స్ప్రే చేసి ఇంకోసారి తుడుస్తాను. నూనె పోయాక ఏం మిగిలిందో అదే మన పనితనం.

ఈ పని మన ఊళ్ళో చేసేవాళ్ళకు కొన్ని సంగతులు చెప్పాలి. కొత్త బండి కొనగానే మనవాళ్ళు కాణిపాకం తీసుకెళ్తారు, లేదా కొండకు. బానెట్ మీద స్వస్తిక్, పసుపు, గంధం, కుంకుమ. ఇంటికొచ్చాక మూడో రోజు పొడిగుడ్డతో ఆ ఎండిన కుంకుమను రుద్ది తీస్తారు. షోరూము నుంచి వచ్చిన వారానికే స్వస్తిక్ ఆకారంలో గీతలు పడ్డ బానెట్లు నా దగ్గరికి వచ్చాయి. పూజ మానమని చెప్పను, నా బండికీ చేయించాను. రుద్దకండి, అంతే. ముందు నీళ్ళు ధారగా పోసి నాననివ్వండి, తర్వాత కారు షాంపూ. బట్టల సబ్బు వేస్తే పసుపు ఎర్రగా తిరుగుతుంది, చీర మీద చూసే ఉంటారు అక్కలు. తెల్ల కారు మీద పసుపు మరక మిగిలిందని కాంపౌండు పట్టించకండి. పసుపు రంగు ఎండకు ఆగదు, నాలుగు రోజులు ఎండలో పెడితే తనంత తానే వెలిసిపోతుంది. ఎండ చేసే పనికి క్లియర్ కోటు ఖర్చు పెట్టడం ఎందుకు?

రెండోది బోరు నీళ్ళు. ఉప్పు నీళ్ళతో కడిగి ఎండలో వదిలేస్తే తెల్లటి గుండ్రటి మరకలు పడతాయి. అది సున్నం లాంటి పదార్థం. వెనిగరులో నీళ్ళు కలిపి తడిపి తుడిస్తే చాలావరకు కరుగుతుంది, తర్వాత మంచినీళ్ళతో కడిగేయాలి. కరిగాక కూడా గుంటలా మిగిలితే అప్పుడు పాలిష్.

మూడోది, ఘాట్ రోడ్డులో ఆపినప్పుడు కోతి బానెట్ ఎక్కి జారిన గీతలు, పార్కింగ్‌లో తాళం చెవి గీతలు. గోరు అడ్డంగా లాగి చూడండి. గోరు తట్టుకుంటే అది పాలిష్‌కు పోయే గీత కాదు. కస్టమరుకు ముందే ఆ మాట చెప్పండి. అది రంగు నింపే టచప్ పని. పోదని తెలిసి డబ్బు తీసుకోవద్దు.

ఇప్పుడు పని వరస. బండి కడగాలి, తర్వాత క్లే బార్, అంటే అంటుకున్న మురికిని లాగే బంకమట్టి లాంటి ముద్దను తడి తడిగా నడపాలి. అరచేయి రాస్తే పెయింటు గాజులా జారాలి. దుమ్ము మిగిలి ఉండగా మెషిన్ పెడితే ఆ దుమ్మునే తిప్పి తిప్పి గీస్తాం. పని నీడలోనే. ఎండాకాలంలో పొద్దున ఆరుకు మొదలుపెట్టి పదికల్లా ఆపుతాను. అరచేయి ఆనించలేనంత వేడిగా ఉన్న రేకు మీద పాలిష్ రాయగానే ఎండి అట్ట కడుతుంది.

ఆ తర్వాత టెస్ట్ స్పాట్. పని అయ్యేంత వరకే అరగదీసేది ఏదన్న ఇందాకటి ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. ఒక్కో కారు పెయింటు ఒక్కో గట్టిదనం. చూసి చెప్పలేం, పేరు విని చెప్పలేం. బానెట్ మీద అడుగున్నర చదరం టేపుతో కట్టండి. మధ్యరకం ప్యాడ్, మధ్యరకం పాలిష్. శనగ గింజంత చుక్కలు నాలుగైదు. స్పీడు ఒకటిలో పరవండి, నాలుగో ఐదో పెట్టి పని చేయండి. సెకనుకు ఒక అంగుళం కదలాలి, ఒక వరస మీద సగం ఎక్కేలా ఇంకో వరస. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, అలా నాలుగు నుంచి ఆరు సార్లు. తుడిచి, ఆల్కహాలు కొట్టి, టార్చి వేసి చూడండి. గీతలు పోయాయా? కారంతా అదే జోడీతో చేయండి. పోలేదా? పాలిష్ అదే ఉంచి ప్యాడ్ గట్టిది మార్చండి. అప్పటికీ పోకపోతేనే కాంపౌండు. ఎప్పుడూ మెత్తటి వైపు నుంచి గట్టి వైపుకే నడవాలి. లోతు గీతలు పది మిగిలిపోతే మిగిలిపోనివ్వండి. వాటికోసం బానెట్ అంతా పలచన చేసేకంటే అదే మంచిది.

పని మధ్యలో ప్యాడ్ తిప్పి చూస్తూ ఉండండి. క్లియర్ కోటు ఉన్న కారుకు ప్యాడ్ మీద కారు రంగు రాకూడదు. నీలం కారుకు నీలం వచ్చిందంటే వెంటనే ఆపేయండి. పాత అంబాసిడర్ లాంటి బండ్లకు, క్లియర్ లేకుండా రంగు మాత్రమే వేసినవాటికి, రంగు అంటడం మామూలే. ఏ బండో ముందే కనుక్కోండి. ఒకసారి మళ్ళీ పెయింటు వేసిన బండి అయితే పొర ఎంతుందో ఎవరికీ తెలియదు. పెయింటు మందం కొలిచే మీటరు కొనుక్కునేదాకా అలాంటి బండి మీద కాంపౌండు పెట్టొద్దు.

మాట చాలు, చెయ్యి కదలాలి. ఈ బానెట్‌ను టేపుతో ఎనిమిది గళ్ళుగా కట్టాను. ఒక్కొక్కరికి ఒక గడి. కళ్ళద్దాలు, మాస్కు పెట్టుకోండి. వైరు భుజం మీద నుంచి వెనక్కి వేసుకోండి, బానెట్ మీద ఈడ్చుకుంటూ పోతే అదే గీస్తుంది. ఉంగరాలు, వాచీలు తీసేయండి, బెల్టు బకిల్ బండికి తగలకుండా చొక్కా బయటికి లాగండి. అక్కా, మీరు ముందు రండి. చున్నీ వెనక గట్టిగా ముడి వేసుకోండి, జడ కూడా లోపలికి. ప్యాడ్ పెయింటుకు ఆనించాకే స్విచ్ వేయాలి, గాల్లో వేస్తే పాలిష్ అంతా మన మీదే పడుతుంది. స్పీడు ఒకటి. ఆ తెల్ల గీత తిరుగుతోందా? సరే, మెల్లగా కదలండి.